బుల్లెట్టు ఇంజను ఎవరు విప్పాలి

మే నెల చివరి వారం, రోహిణి కార్తె. మనుబోలులో మధ్యాహ్నం పన్నెండు దాటితే హైవే మీద లారీల చప్పుడు తప్ప మనిషి అలికిడి ఉండదు. మా ఇంటి వరండాలో పాత టేకు బల్ల మీద దుప్పటి పరిచి, దాని మీద బుల్లెట్టు ఇంజను పెట్టాను. 1992 మోడలు. పోత ఇనుము బ్యారెల్, కుడి కాలి కింద గేరు, ఎడమ కాలి కింద బ్రేకు. నాన్న కొన్న బండి. హెడ్డు తీసి పక్కన పెట్టాను. బ్యారెల్ పైకి లాగేశాను. పిస్టన్ మాత్రం రాడ్డు మీద అలాగే నిలబడి ఉంది, చుట్టూ నాలుగు చోట్ల గోళ్ళతో రక్కినట్టు నిలువు గీతలతో.

అప్పుడు మామ వచ్చాడు. మా అమ్మ తమ్ముడు. కుర్రతనంలో మద్రాసు పుదుప్పేట సందుల్లో పని నేర్చుకుని వచ్చి, ఇక్కడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని నలభై ఏళ్ళు బండ్లు బాగుచేశాడు. చూపు మందగించాక షెడ్డు మూసేశాడు. ఆ మధ్యాహ్నం మొదలైన వాదన పది పన్నెండు రోజులు సాగింది. నాకు గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

మామ: ఎవుర్నడిగి విప్పినావబ్బయా దీన్ని?

నేను: ఎవర్నడగాలి మామా? నా బండే గదా.

మామ: బండి నీదే, కాదన్లా. ఇంజను జబ్బు పడితే ఆస్పత్రికి తీసకపోతారా, వరండాలో పడుకోబెట్టి కోస్తారా? దుమ్ము చూడు. లారీ పోయినప్పుడల్లా ఇంత ఇసక లేస్తది. ఆ ఇసక రవ్వంత బోర్లో పడితే చాలు, ఆకురాయి పెట్టి రుద్దినట్టే.

నేను: అందుకే తడి గోనెపట్టాలు కట్టాను చూడు, వరండా చుట్టూ. దుమ్ము ఆగుతుంది, చల్లగానూ ఉంటుంది.

మామ: తడి గోనెలు కట్టి, బ్యారెల్‌ని ఊరకే పెట్టుండావు! ఉప్పుగాలి ఊరు ఇది. తెల్లారేసరికి బోరంతా ఎర్రగా తుప్పు పడతది. ఆయిలు పూసినావా?

పూయలేదు. లేచి వెళ్ళి గుడ్డ ముక్క ఆయిల్లో ముంచి బోరు లోపలంతా తుడిచాను. మొదటి మాటలోనే ఆయనది పైచేయి అయింది. అయినా నా వాదన నేను వదల్లేదు.

నేను: ఆస్పత్రి మాట ఎత్తావు గాబట్టి చెప్తున్నా. ఆస్పత్రికే తీసుకుపోయా. నువ్వు షెడ్డు మూసేసినాక టౌనులో ఒక షాపులో ఇచ్చాను. బోరు చేసి, కొత్త పిస్టన్ వేసి మూడు రోజుల్లో చేతికిచ్చారు. గూడూరు నుంచి వస్తుంటే ఇంజను పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయి రోడ్డు మీద నల్లగీత పడింది. క్లచ్చి పట్టుకోబట్టి బతికాను. వాళ్ళనడిగితే, 'ఎండాకాలం సార్, గాలికి చల్లబడే ఇంజన్లంతే' అన్నారు. పిస్టన్‌కూ బోరుకూ మధ్య ఎంత సందు వదిలారు అంటే చెప్పలేదు. రింగు గ్యాపు ఎంత పెట్టారంటే చెప్పలేదు. చెప్పకపోవడం కాదు మామా, వాళ్ళకు తెలియదు. కొలవలేదు. అందుకని ఈసారి నేనే విప్పి, నేనే కొలుస్తున్నాను.

మామ: ఎంత స్పీడులో వస్తుండావు ఆ పొద్దు?

నేను: డెబ్బై, ఎనభై ఉంటుంది.

మామ: బోరు చేసిన కొత్తలోనా? ఎండ అన్నోడిది ఎంత తప్పో నీదీ అంతే. కొత్త బోరుకి రింగులు సర్దుకోవాల. పెళ్ళయిన మర్నాడే కోడల్ని నాట్లకు పంపితే ఎట్టా?

అంతే అని ఒప్పుకున్నాను. కానీ ఎండ మీద నేరం మోపడం మాత్రం నాకు ఎక్కదు. ఈ లెక్క ఆయన ముందు కాగితం మీద వేసి చూపించాను. పాఠకులకు కూడా పనికొస్తుంది కాబట్టి ఇక్కడా చెబుతాను.

350 బుల్లెట్టు బోరు 70 మిల్లీమీటర్లు, స్ట్రోకు 90. రెండూ కలిసి 346 సీసీ. బ్యారెల్ పోత ఇనుము, పిస్టన్ అల్యూమినియం. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కంటే రెట్టింపు ఉబ్బుతుంది. వంద డిగ్రీలు వేడెక్కితే పిస్టన్ సుమారు 0.16 మిల్లీమీటర్లు లావెక్కుతుంది, బోరు 0.08 కూడా విప్పారదు. పైగా మంట తగిలేది పిస్టన్ నెత్తికి, గాలి తగిలేది బ్యారెల్‌కి. కాబట్టి పిస్టన్ ఎప్పుడూ ఎక్కువ వేడిగానే ఉంటుంది. ఆ తేడా అంతా చల్లగా ఉన్నప్పుడే సందుగా వదిలిపెట్టాలి. వదలకపోతే పుష్యమాసం పొద్దున కూడా పట్టేస్తుంది. వదిలితే రోహిణి కార్తెలో కూడా నడుస్తుంది. ఎండలో గాలి 43 డిగ్రీలు, చలికాలం 20. ఇంజను హెడ్డు వేడి ముందు ఈ ఇరవై మూడు డిగ్రీల తేడా ఎంత?

మామ: లెక్క బానే ఉండాది. కానీ ఎండకి అసలు పాత్ర లేదనబాక. నువ్వీ రెక్కలు చూసినావా?

బ్యారెల్ చుట్టూ ఉన్న రెక్కల మధ్య ఆయన స్క్రూడ్రైవరు మొన పెట్టి గీకాడు. గట్టిపడిన బంకమట్టి పెళ్ళలుగా రాలింది. కొన్నేళ్ళుగా ఈ బండి పొలం గట్ల మీదా, రొయ్యల గుంటల కట్టల మీదా తిరిగింది. ఆయిల్ కారి, దాని మీద మట్టి పడి, అది వేడికి కాలి ఇటుక అయింది.

మామ: నీళ్ళ ఇంజనుకి రేడియేటరు ఎట్టనో దీనికి ఈ రెక్కలు అట్ట. రేడియేటర్లో సిమెంటు పోసి బండి తోలతావా? బోరు చేసినోడు ఇది కడగలా. విప్పినోడివి నువ్వూ కడగలా. మైక్రోమీటరు కొన్నావే, బ్రష్షు కొన్లేదే?

కిరసనాయిలు దొరకడం లేదు కాబట్టి డీజిల్ తెచ్చి, పాత టూత్‌బ్రష్షుతో ఒక్కో రెక్క సందూ కడిగాను. రెండు సాయంత్రాలు పట్టింది. నల్లరంగు మందంగా కొడదామనుకున్నది కూడా మామ మాన్పించాడు. పలచగా ఒక పూత చాలు, మందంగా కొడితే రెక్కకు దుప్పటి కప్పినట్టే.

మూడో సాయంత్రం మాట జర్మనీ కారు మీదికి పోయింది. గాలికి చల్లబడే ఇంజను అంటే ప్రపంచానికి ముందు గుర్తొచ్చేది అదే. తాబేలు ఆకారపు ఫోక్స్‌వాగన్ బీటిల్. 2003 జూలై 30న మెక్సికోలోని ప్యూబ్లాలో చివరి బండి బయటికొచ్చేనాటికి 2,15,29,464 కార్లు తయారయ్యాయి. మన రోడ్ల మీద మాత్రం అరుదు. 2005లో ఆ కంపెనీ విశాఖపట్నం వస్తుందని ఎంతో చెప్పుకున్నాం, చివరికి ఫ్యాక్టరీ పుణె దగ్గర చకన్‌కు పోయింది. వచ్చినా ఈ పాత కారు వచ్చేది కాదనుకోండి.

మామ: మద్రాసులో ఉన్నప్పుడు ఆ కారు ఒకటి మా మేస్త్రీ దగ్గిరికి వచ్చేది. ఇంజను వెనకాల ఉంటది. నాలుగు బోల్టులు విప్పితే అదంతట అది కిందికి దిగొస్తది. కింద జాకీ పెట్టి పట్టుకోవాల, అంతే. నాకు ఇచ్చే పని డైనమో. రాగి బిళ్ళల మధ్య అభ్రకం ఉంటది గదా, అది పైకి తేలితే కార్బన్లు ఎగిరి పడతాయి. హాక్సా బ్లేడుతో ఆ అభ్రకాన్ని గీకి రవ్వంత కిందికి తీయమనేవోడు. మా తాత సైదాపురం గనిలో అభ్రకం చీల్చినోడు. ఇది ఆడ్నించే జర్మనీకి పోయి మళ్ళా ఈడికొచ్చిందేమో అనుకుంటా గీకేవోణ్ణి.

నేను: ఆ కారు ఇంజనును అమెరికాలో మామూలు జనం ఇళ్ళల్లోనే విప్పి బిగించుకున్నారు మామా. జాన్ మ్యూర్ అని ఒకాయన, విమానాల కంపెనీలో ఇంజనీరుగా చేసి వదిలేసినాయన, 1969లో దానికోసం ఒక పుస్తకం రాశాడు. స్పానరు పట్టనివాళ్ళకు కూడా అర్థమయ్యేట్టు, మొదట ఏ బోల్టు, తర్వాత ఏ బోల్టు అని వరసగా. ఆ ఇంజనుకు నాలుగు బ్యారెళ్ళు, ఇటు రెండు, అటు రెండు. కేసు నిలువుగా రెండు చెక్కలు, మధ్యలో గాస్కెట్ ఉండదు, లోహం మీద లోహం కూర్చోవాలి. అంత సున్నితమైన పనినే వంటింటి బల్ల మీద చేసుకున్నారు. మన బుల్లెట్టుకు ఒకే బ్యారెల్. మనకెందుకు చేతగాదు?

మామ: ఆయన ఎవురికి రాసినాడు? ఆ ఊళ్ళో మెకానిక్కు దగ్గిర బండి పెడితే ఆస్తులమ్మాల. ఇంటికాడ చేసుకోకపోతే గతిలేదు వాళ్ళకి. ఈడ ప్రతి అడ్డరోడ్డు మీదా ఒకడు స్పానర్లు పరుచుకోని కూచోనుండాడు. నీకు ఇది సరదా. వాడికి ఇది అన్నం. నీ మాదిరి చదువుకున్నోళ్ళందరూ ఇంట్లోనే విప్పుకుంటే, ఆ షెడ్డులో పద్నాలుగేళ్ళ పిల్లోడు పని యాడ నేర్చుకుంటాడు?

ఈ మాట నాకు గట్టిగా తగిలింది. ఇప్పటికీ దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఉన్న జవాబు ఇది.

నేను: ఆ పిల్లాడు ఇప్పుడు ఇది నేర్చుకోవడం లేదు మామా. పోత ఇనుము బుల్లెట్టు ఇంజను 2010 ప్రాంతంలో ఆగిపోయింది. పొగ నిబంధనలు వచ్చాయి, ఇంజనూ గేరుబాక్సూ ఒకటే కేసులో ఉండే కొత్త రకం వచ్చింది. ఇవాళ ఇరవై ఏళ్ళ మెకానిక్కుకి పాయింట్లు తెలియవు, కండెన్సరు తెలియదు. వాడి తప్పు కాదు, వాడి దగ్గరికి ఆ బండే రాదు. ఇంగ్లండులో బుల్లెట్టు పుట్టిన రెడ్డిచ్ ఫ్యాక్టరీ 1967లో మూతపడింది, 1970కల్లా అక్కడ ఈ కంపెనీ పనే ఆగిపోయింది. మద్రాసు ఉత్తరపు చివర తిరువొత్తియూరులో మాత్రం 1950ల్లో మొదలైన పని అలా సాగుతూనే వచ్చింది. 1977లో ఇక్కడ చేసినవి ఇంగ్లండుకే పంపారు. అంటే ఈ ఇంజనును బతికించింది మనవైపు చేతులే. ఆ చేతులు ముసలివైపోతున్నాయి. షెడ్డులో నేర్చుకునేవాడు లేనప్పుడు ఇంట్లో నేర్చుకునేవాడైనా ఉండాలా వద్దా?

మామ వెంటనే మాట్లాడలేదు. బల్ల మీది పిస్టన్ రింగు తీసి వేలికి తగిలించుకుని తిప్పుతూ కూర్చున్నాడు.

మామ: సరే, కొలిచి చూపించు. నీ కొలత ఏమంటదో చూద్దాం.

ఇక్కడ కొంచెం నింపాదిగా చెప్పాలి. నేను ఇంజను విప్పిందే దీనికోసం. పిస్టన్ రింగు పూర్తి వలయం కాదు, ఒకచోట తెగి ఉంటుంది. బోరులో పెట్టినప్పుడు ఆ రెండు కొసల మధ్య సన్నటి సందు మిగలాలి. వేడికి రింగు పొడుగు సాగితే ఆ సందులోకి సాగుతుంది. సందు లేకపోతే కొసలు ఒకదాన్నొకటి తన్నుకుని, రింగు బయటికి బలిసి బోరును పట్టేస్తుంది. పాత లెక్క ఏమిటంటే, బోరు అడ్డకొలత ప్రతి అంగుళానికీ అంగుళంలో వెయ్యో వంతులు నాలుగు. షెడ్డుల్లో వెయ్యో వంతును థౌ అంటారు. 70 మిల్లీమీటర్లంటే రెండుముప్పావు అంగుళాలు, పదకొండు థౌ. అంటే 0.28 మిల్లీమీటర్లు.

పై రింగును బోరులోకి జారవిడిచి, పిస్టన్ నెత్తితోనే కిందికి నెట్టాను. అలా నెడితే రింగు వంకర లేకుండా సమంగా కూర్చుంటుంది. టార్చి కింద పెట్టి పైనుంచి చూశాం. రెండు కొసల మధ్య వెలుతురు గీత కనపడీ కనపడనట్టు ఉంది. ఫీలర్ గేజిలో పదకొండు థౌ ఆకు పెట్టాను, పోలేదు. ఎనిమిది పెట్టాను, పోలేదు. నాలుగు పెట్టాను, పోలేదు. రెండు థౌ ఆకు, కాగితం కంటే పలచనిది, గీసుకుంటూ దూరింది.

పదకొండు ఉండాల్సిన చోట రెండు. ఇంజను పట్టేయడానికి కారణం నా చేతిలో ఉంది. షాపువాళ్ళు రింగును డబ్బాలోంచి తీసి అలాగే ఎక్కించారు, బోరులో పెట్టి చూడలేదు. నేను ఎనభైలో పోకపోయినా అది ఏదో ఒకరోజు పట్టేసేదే.

నేను: చూశావా మామా? ఇదీ కొలవడమంటే. ఈ గేజి లేకుండా నలభై ఏళ్ళు ఎలా చేశావు?

మామ: మూడు బ్లేడ్లు.

నేను: ఏం బ్లేడ్లు?

మామ: గడ్డం చేసుకునే బ్లేడ్లు. రింగును బోర్లో పెట్టి మూడు బ్లేడ్లు కలిపి ఆ సందులో దూర్చేది. నిండుగా పోవాల, వదులుగా ఆడగూడదు. రెండే పడితే ఆకురాయితో కొస రవ్వంత రుద్దేది. నాలుగు పడితే ఆ రింగు ఆ బోరుకి పనికిరాదు. మా మేస్త్రీ చెప్పినాడు. ఎందుకు మూడు అని నేనడగలా, ఆయన చెప్పలా.

ఇంట్లోంచి బ్లేడు తెచ్చి మైక్రోమీటరులో పెట్టాను. 0.10 మిల్లీమీటరు. మూడు కలిపితే 0.30. పుస్తకం లెక్క 0.28.

నేను కొలత అంటూ ఆయన మీదికి పోయిన మూడు రోజుల వాదన అంతా ఆ మూడు బ్లేడ్ల ముందు ఆగిపోయింది. మెకానిక్కులు కొలవరు, అంచనా మీద చేస్తారు అని నేను అన్నది తప్పు. తెలిసినవాడు కొలిచాడు. తెలియనివాడు కొలవలేదు. షెడ్డా ఇల్లా అన్నది ఇక్కడ తేడా కాదు. ఒక్కటి మాత్రం ఆయనకు చెప్పకుండా ఉండలేకపోయాను.

నేను: మామా, నీ దగ్గర ఎంతమంది పిల్లలు పని నేర్చుకున్నారు?

మామ: పదీ పదిహేనుమంది ఉంటారు.

నేను: మూడు బ్లేడ్ల సంగతి ఎంతమందికి చెప్పావు?

మామ: చూసి నేర్చుకునుంటారులే.

నేను: చెప్పలేదు గదా.

మామ: లేదబ్బయా. చెప్పలా.

ఆ రాత్రి ఆయన అన్నం తినకుండానే ఇంటికి పోయాడు. నేను ఆ మాట అనకుండా ఉండాల్సిందని అమ్మ కోప్పడింది. కానీ పొద్దున్నే ఆరింటికి వచ్చి, అడక్కుండానే బల్ల ముందు కూర్చున్నాడు.

మామ: నోటుబుక్కు తీసుకో. ఇంక వాదన లేదు, రాసుకో. ముందు బిగ్గెండు చూడాల.

బుల్లెట్టులో రాడ్డు కింది కొసలో బాల్ బేరింగు ఉండదు. తెల్లలోహం పూసిన బుష్ ఒకటి, రాడ్డుకూ క్రాంక్ పిన్నుకూ మధ్య ఆయిల్లో తేలుతూ తిరుగుతుంది. మామ రాడ్డును రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిట్టనిలువుగా పైకి లాగి కిందికి నొక్కాడు. పక్కకు ఊగితే ఫరవాలేదట, ఊగాలి కూడా. పైకీ కిందికీ మాత్రం ఆట ఉండకూడదు. నన్ను పట్టుకోమన్నాడు. నాకేమీ తెలియలేదు. మళ్ళీ పట్టుకోమని, నా చేతుల మీద ఆయన చేతులు వేసి ఒక్కసారి లాగాడు. గోరు మీద గోరు తగిలినంత, చెవికి కాదు, వేలికి వినపడింది. బుష్ అరిగిపోయింది. నా మైక్రోమీటరు దీన్ని బయట నుంచి పట్టుకోలేదు.

అంటే కేసు కూడా విప్పాలి. ఆయిల్ పంపు తిప్పే వార్మ్ దగ్గర నేను స్పానరు వేసి మామూలుగానే తిప్పబోయాను.

మామ: ఆగు! అటు తిప్పబాక! అది ఉల్టా మర. ఇంకొక పట్టు పట్టుంటే తెగి చేతికొచ్చేది.

కేసు రెండు చెక్కలయ్యాక బేరింగులు బయటికి తీయడానికి ఆయన షెడ్డులో ఏం వాడేవాడని అడిగాను. ఉలీ సుత్తీ అన్నాడు, కొంచెం సిగ్గుపడుతూ. ఇక్కడ నా మాట చెల్లింది. స్టీలు గిన్నెలో నీళ్ళు తెర్ల కాచి కేసు మీద పోశాం. అల్యూమినియం విప్పారింది, చెక్కతో ఒక్క తట్టు తట్టగానే బేరింగు టక్కుమని గోనె మీద పడింది. కొత్త బేరింగులు రాత్రంతా ఫ్రిజ్‌లో నిమ్మకాయల పక్కన పెట్టి, పొద్దున కేసును మళ్ళీ కాచి వేస్తే సుత్తి లేకుండా దిగి కూర్చున్నాయి. మామ ఆ బేరింగును వేలితో తిప్పి తిప్పి చూశాడు. ఉలి దెబ్బకు ఎన్ని కేసులు పాడుచేసుంటానో అన్నాడు.

బ్యారెల్, క్రాంకు నెల్లూరు లేతుకు పోయాయి. ఇవి ఇంట్లో అయ్యే పనులు కావు. ఫ్లైవీళ్ళు విడదీసి, బుష్ వేసి, ప్రెస్సులో బిగించి, డయల్ గేజి పెట్టి రెండు వైపులా ఒక థౌ, రెండు థౌల లోపల నిలబెట్టాలి. ఇంట్లోనే ఇంజను కట్టుకున్నాను అని ఎవరైనా చెబితే, ఇందులో ఎంత లేతులో అయిందో కూడా చెప్పాలని నా అభిప్రాయం. కొత్త పిస్టన్, రింగులు చెన్నైలో జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొన్నాను. ముందు పిస్టన్ చేతికొచ్చాక, దాన్ని కొలిచి దానికి తగ్గట్టు బోరు చేయించాలన్నది మామ షరతు. బోరు చేసేసి పిస్టన్ వెతుక్కోవడం చెప్పులు కొని కాళ్ళు కోసుకోవడం అన్నాడు.

బిగింపు గురించి ఎక్కువ చెప్పను, పుస్తకాల్లో ఉంది. రెండు సంగతులు మాత్రం నోటుబుక్కులోంచి.

ట్యాపెట్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడే చూడాలి. బ్యారెల్ పక్కనున్న చిన్న మూత తీస్తే లోపల పుష్‌రాడ్ల కింది కొసలు కనపడతాయి. ఈ బండికి ఫీలర్ గేజి అక్కర్లేదు, సందు సున్నా. పుష్‌రాడ్డును రెండు వేళ్ళతో తిప్పితే తేలిగ్గా తిరగాలి, పైకీ కిందికీ కదలకూడదు.

పాయింట్ల సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. టైమింగుకు పిస్టన్ పైకొసకు ఇంకా 0.8 మిల్లీమీటర్లు ఉండగా పాయింట్లు విడివడాలి. మామ భాషలో అంగుళంలో ముప్పయ్యిరెండో వంతు. విడివడిన క్షణం కంటికి కనపడదు. సిగరెట్టు కాగితం పాయింట్ల మధ్య పెట్టి మెల్లగా లాగుతూ, ఇంకో చేత్తో ఇంజను తిప్పాలి. కాగితం చినగకుండా జారి వచ్చిన చోట ఆపాలి.

మామకు కాగితం కనపడలేదు. నేను లాగాను, ఎప్పుడు ఆపాలో ఆయన చెప్పాడు. నాలుగుసార్లు తప్పింది, ఐదోసారి సరే అన్నాడు.

మృగశిర కార్తె వచ్చింది గానీ వాన రాలేదు. ఇంజను ఫ్రేములో ఎక్కించి, ఆయిల్ పోసి, ప్లగ్గు తీసేసి ముందు ఊరికే కిక్కులు కొట్టాం. హెడ్డు మీదికి పోయే పైపు బోల్టు కొంచెం వదులు చేసి చూస్తే ఆయిల్ ఊరింది. పంపు పనిచేస్తోంది. ఆ తర్వాత ప్లగ్గు బిగించి, తాళం తిప్పి, కిక్కు మెల్లగా నొక్కుతూ ఆమ్మీటరు ముల్లు చూశాను. ముల్లు మధ్యకు రాగానే డీకంప్రెషను లివరు పట్టుకుని రవ్వంత దాటించి, వదిలి, పూర్తిగా కొట్టాను. మొదటి మూడు కిక్కులకు పలకలేదు. నాలుగోదానికి అందుకుంది.

మామ వీధిలోకి పోయి, బండికి వీపు పెట్టి నిలబడి విన్నాడు. పదినిమిషాలు. తర్వాత లోపలికొచ్చి మజ్జిగ అడిగాడు.

ఇప్పుడు నోటుబుక్కులో అరవై రెండు పేజీలు నిండాయి. ఆదివారాలు ఆయన చెబుతాడు, నేను రాస్తాను. పాత షెడ్డులో పనిచేసిన ఇద్దరు కుర్రవాళ్ళు ఇప్పుడు సొంత షెడ్లు పెట్టుకున్నారు, వాళ్ళనూ పిలిపించాడు. బండి మాత్రం మొదటి ఐదు వందల కిలోమీటర్లు యాభై దాటకూడదు, ఆ తర్వాత ఆయిల్ మార్చాలి. ఇప్పటికి నెల్లూరు ఒకసారి పోయి వచ్చింది.